మామిడి తోట నుంచి జ్యూస్ సీసా దాకా: పానీయాల యూనిట్‌లో బ్లాక్‌చైన్ ట్రేసబిలిటీ పెట్టుకునే విధానం

అమెరికాలో అప్పట్లో వాల్‌మార్ట్ ఆహార భద్రత విభాగానికి అధిపతిగా ఉన్న ఫ్రాంక్ యియానాస్ ఒకసారి తన బృందం ముందు మామిడి ముక్కల ప్యాకెట్ ఒకటి పెట్టి, ఇది ఏ తోట నుంచి వచ్చిందో కనుక్కోమన్నారు. జవాబు దొరకడానికి 6 రోజుల 18 గంటల 26 నిమిషాలు పట్టింది. తర్వాత ఐబీఎంతో కలిసి బ్లాక్‌చైన్ మీద ప్రయోగం చేసినప్పుడు అదే పని 2.2 సెకన్లలో అయిపోయింది. ఇది 2016-17 నాటి మాట. బ్లాక్‌చైన్ గురించి ఎవరు మాట్లాడినా ఈ కథ చెప్తారు. అయితే ఆ 2.2 సెకన్లకు ముందు తోటలో, ప్యాకింగ్ షెడ్డులో, గోడౌన్‌లో ప్రతి ఒక్కరూ తమ వంతు వివరాలు సరిగ్గా నమోదు చేయాల్సి వచ్చిందన్న సంగతి మాత్రం చాలామంది వదిలేస్తారు. ఇలా సరుకు జాడ పట్టుకోగలగడాన్నే ట్రేసబిలిటీ అంటారు. ఈ మార్గదర్శి ఎక్కువ భాగం ఆ నమోదు పని గురించే.

హైదరాబాద్‌లో, జీడిమెట్లలోనో చర్లపల్లిలోనో కాటేదాన్‌లోనో మామిడి పానీయం తయారు చేసే ఒక మధ్యస్థాయి యూనిట్‌ని ఉదాహరణగా తీసుకుందాం. చిత్తూరు వైపు నుంచి తోతాపురి గుజ్జు డ్రమ్ముల్లో వస్తుంది. ఇక్కడ చక్కెర, నీళ్లు, సిట్రిక్ యాసిడ్ కలిపి, వేడి చేసి, సీసాల్లో నింపి డిస్ట్రిబ్యూటర్లకు పంపుతారు. మీది కాఫీ అయినా, పాలతో చేసే పానీయం అయినా, కొబ్బరి నీళ్లయినా పద్ధతి ఇదే. పేర్లు, కొలతలు మారతాయి.

ముందుగా: మీకు బ్లాక్‌చైన్ అవసరమా?

బ్లాక్‌చైన్ చేసే పని ఒక్కటే. ఒకసారి రాసిన వివరాన్ని తర్వాత ఎవరూ గుట్టుగా మార్చలేకుండా, అందరి దగ్గరా ఒకే ప్రతి ఉండేలా చూస్తుంది. రాసింది నిజమా కాదా అన్నది దానికి తెలియదు. తూకం తప్పుగా కొడితే ఆ తప్పునే శాశ్వతంగా భద్రపరుస్తుంది.

అందుకే మూడు ప్రశ్నలు వేసుకోండి. మీ సరఫరాలో వేర్వేరు యాజమాన్యాలు కనీసం మూడు ఉన్నాయా? ఒకరి రికార్డును మరొకరు నమ్మక గొడవలు వస్తున్నాయా? రికార్డు మార్చితే ఎవరికైనా లాభం ఉందా? మూడింటికీ అవును అనిపిస్తేనే ముందుకు వెళ్లండి. రికార్డులన్నీ మీ కంపెనీ వాళ్లే రాసి, మీరే చూసుకునేట్టయితే మామూలు డేటాబేస్ చాలు, డబ్బు ఆదా అవుతుంది. మామిడి గుజ్జు విషయంలో సాధారణంగా మూడింటికీ అవుననే వస్తుంది: రైతు, ర్యాంపు (రైతుల కాయను కొని పోగుచేసే చోటు), గుజ్జు ఫ్యాక్టరీ, లారీ, మీ యూనిట్, డిస్ట్రిబ్యూటర్ ఎవరికి వారే.

ఇంకో పని కూడా ఇప్పుడే చేయండి. మలక్‌పేటలోనో కూకట్‌పల్లిలోనో ఒక కిరాణా కొట్టుకు వెళ్లి మీ సీసా ఒకటి కొనండి. దాని బ్యాచ్ నంబర్ పట్టుకుని, ఇప్పుడున్న రిజిస్టర్లతోనే రెండు వైపులా వెతకండి. వెనక్కి వెళ్తే ఏ డ్రమ్ము, ఏ ఫ్యాక్టరీ, ఏ రోజు కాయ? ముందుకు వెళ్తే అదే బ్యాచ్‌లోని మిగతా సీసాలు ఏయే కొట్లలో ఉన్నాయి? మొదలుపెట్టిన టైమ్, ముగిసిన టైమ్ రాసుకోండి. ఎక్కడ ఆగిపోయారో, ఎవరికి ఫోన్ చేయాల్సి వచ్చిందో కూడా రాసుకోండి. 2006 ఆహార భద్రత చట్టంలోని 28వ సెక్షన్, దాని కింద 2017లో వచ్చిన రీకాల్ నిబంధనలు అడిగేది ఈ శక్తినే: ప్రమాదకరమైన సరుకును మార్కెట్ నుంచి వెనక్కి తెచ్చుకోగలగడం. మీ ప్రాజెక్టుకు అసలు లక్ష్యం ఈ కాగితం మీదే తేలుతుంది.

మొదటి అడుగు: సరుకు దారి గీయండి, గుర్తింపు ఎక్కడ పోతుందో చూడండి

పెద్ద కాగితం మీద తోట నుంచి కొట్టు దాకా గీత గీయండి. తోట, ర్యాంపు, గుజ్జు ఫ్యాక్టరీలో మాగబెట్టే గది, గుజ్జు తీసే లైను, అసెప్టిక్ (క్రిములు చేరకుండా మూసిన) డ్రమ్ము, గోడౌన్, లారీ, మీ ఇన్‌వర్డ్ (సరుకు దిగే చోటు), బ్లెండింగ్ ట్యాంకు, ఫిల్లింగ్ లైను, కేసు, డిస్ట్రిబ్యూటర్, కొట్టు. సరుకు చేతులు మారే చోట ఒక రంగు, సరుకు రూపం మారే చోట ఇంకో రంగు వాడండి.

ఇలా గీస్తే మూడు చోట్ల గుర్తింపు కలిసిపోతుందని కనిపిస్తుంది. ర్యాంపు దగ్గర చాలామంది రైతుల కాయ ఒకే కుప్పలో పడుతుంది. ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు కాయంతా ఒకే ట్యాంకులోకి వెళ్తుంది. మీ బ్లెండింగ్ ట్యాంకులో నిన్న మిగిలినదాని మీద ఇవాళ్టిది పోస్తారు. ఇన్నిసార్లు కలిశాక "ఈ సీసాలో ఉన్నది ఫలానా రైతు మామిడి" అని చెప్పడం అబద్ధమే అవుతుంది. "ఈ బ్యాచ్ గుజ్జు ఈ ఫ్యాక్టరీలో, ఈ తేదీన, ఈ 38 మంది రైతులు తెచ్చిన కాయ నుంచి వచ్చింది" అని చెప్పగలిగితే అది నిజం. దాంతో రీకాల్‌కి కావాల్సిందంతా దొరుకుతుంది. సీసా మీద రైతు ఫొటో వేసి అమ్మాలన్న కోరిక మార్కెటింగ్ వాళ్లకు సహజంగానే వస్తుంది. కలపకుండా వేరుగా ప్రాసెస్ చేసే ఏర్పాటు మీకు నిజంగా ఉంటే తప్ప దానికి ఒప్పుకోకండి.

హైదరాబాద్ మార్కెట్‌లో నేరుగా కాయ కొనేవాళ్లకు ఒక మాట. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం వెళ్లింది. అక్కడ కమీషన్ ఏజెంటు దగ్గర కొన్న లాటుకు తోట వివరం చాలాసార్లు ఏజెంటు పుస్తకంలోనే ఆగిపోతుంది. ఆ ఏజెంటును కూడా నమోదు చేసే పక్షంగా చేర్చుకోలేకపోతే, మీ చైన్ ఏజెంటు దగ్గరే మొదలవుతుందని స్పష్టంగా రాసుకోండి.

రెండో అడుగు: ఏం రాయాలో తేల్చుకోండి

ఇక్కడ సొంత పద్ధతి కనిపెట్టకండి. బార్‌కోడ్ నంబర్ల ప్రమాణాలు చూసే జీఎస్1 సంస్థ తయారుచేసిన ఎపిసిస్ అనే ప్రమాణం ఉంది. 2022లో దాని 2.0 వెర్షన్ వచ్చింది. ప్రతి సంఘటననూ ఏది, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబుగా రాయమంటుంది. ఉష్ణోగ్రత లాంటి సెన్సర్ వివరాలతో "ఎలా" అన్న ఐదోది 2.0లో చేరింది. మనకు ముఖ్యంగా మూడు రకాల సంఘటనలు పనికొస్తాయి: ఒక వస్తువును చూసినట్టు లేదా అందుకున్నట్టు రాసేది, చిన్నవాటిని పెద్ద పెట్టెలో పెట్టినట్టు రాసేది, అంటే సీసాలు కేసులోకి, కేసులు ప్యాలెట్ (సరుకు మోసే పలక) మీదకి; మూడోది ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారినట్టు రాసేది, అంటే కాయ గుజ్జయినట్టు, గుజ్జు పానీయమైనట్టు.

గుర్తింపు నంబర్లు కూడా జీఎస్1వే తీసుకోండి. సీసా మీద బార్‌కోడ్‌లో ఉండే 13 అంకెలు ఉత్పత్తిని చెప్తాయి. చోటును చెప్పడానికి ఇంకో 13 అంకెల నంబర్ ఉంటుంది. రవాణా అయ్యే ప్యాలెట్‌కు, డ్రమ్ముకు 18 అంకెల నంబర్ ఇవ్వొచ్చు. దీనికి బ్యాచ్ నంబర్ చేరిస్తే సరిపోతుంది. 890తో మొదలైతే సరుకు ఇండియాలో తయారైనట్టే అనుకునేవాళ్లు ఎక్కువ. ఆ కంపెనీ నంబర్లు తీసుకున్నది జీఎస్1 ఇండియా దగ్గర అని మాత్రమే దాని అర్థం. సంస్థల గుర్తింపుకు 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబర్‌ను కూడా తప్పక జత చేయండి. తనిఖీకి వచ్చే అధికారి మొదట అడిగేది అదే.

ప్రతి సంఘటనకూ పది, పన్నెండు గడులు దాటనివ్వకండి. గడులు పెరిగేకొద్దీ నింపేవాళ్లు ఊహించి నింపడం మొదలుపెడతారు.

మూడో అడుగు: మొదటి ఎంట్రీ నిజమయ్యేలా చూడండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం, ఎక్కువ డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్ని "డేటా ఎంట్రీ" అని ఒక్క లైనులో రాసి వదిలేస్తారు. వదలనివ్వకండి.

తూకంతో మొదలుపెడదాం. కాటా మీద కనిపించిన అంకెను గుమాస్తా చూసి టైప్ చేసే పద్ధతి వద్దు. ఎలక్ట్రానిక్ కాటాలకు కంప్యూటర్‌తో కలిపే పోర్టు ఉంటుంది, బరువు నేరుగా యాప్‌లోకి రావాలి. తరుగును వేరే గడిలో రాయండి. మొత్తం బరువులోంచి తరుగు తీసేసి మిగిలింది ఒక్కటే రాస్తే, రైతుకు, ఫ్యాక్టరీకి మధ్య వచ్చే అసలు గొడవే రికార్డులో కనిపించకుండా పోతుంది. రికార్డు పూర్తవ్వాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. రైతు ఫోన్‌కు తెలుగులో ఇలాంటి మెసేజ్ వెళ్లాలి: "మీ తోతాపురి 1,840 కిలోలు అందింది. తరుగు 92 కిలోలు. చెల్లింపు బరువు 1,748 కిలోలు. సరిగ్గా ఉంటే 1, లేకపోతే 2 పంపండి." స్మార్ట్‌ఫోన్ లేని రైతుకు అచ్చు చిట్టీ ఇచ్చి, దాని మీదే క్యూఆర్ కోడ్ వేయండి. ఇంట్లో ఎవరి ఫోన్‌తోనైనా చూసుకోగలగాలి.

రైతుకు దీనివల్ల ఏం లాభం అని అడిగితే 2025 సీజన్ గుర్తు చేయండి. తోతాపురి ధర పడిపోయినప్పుడు కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని ఆంధ్రప్రదేశ్‌లో నిర్ణయించారు. అలాంటి సమయంలో ఎవరు ఏ ఫ్యాక్టరీకి ఎన్ని కిలోలు ఇచ్చారన్న రుజువే రైతు చేతిలో ఉండే డబ్బు. మార్చలేని తూకం చిట్టీ ఆయనకు నేరుగా పనికొచ్చే వస్తువు. ఆ లాభం చూపించకుండా "మా కస్టమర్లకు పారదర్శకత కావాలి" అని చెప్పి రైతుల చేత బటన్లు నొక్కించాలనుకోవడం అన్యాయం. పైగా రెండో వారానికల్లా ఎవరూ నొక్కరు.

తర్వాత మాగబెట్టడం. కాల్షియం కార్బైడ్ వాడటం 2011 నిబంధనల ప్రకారం నిషేధం. ఎథిలీన్ గ్యాస్‌ను 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద) వరకు వాడుకోవచ్చు. గదిలో గ్యాస్ సెన్సర్, ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టి, ఆ రీడింగులను మనిషి చేయి తగలకుండా పంపించండి. ఒక్కో రీడింగునూ చైన్ మీదకు ఎక్కించనక్కర్లేదు. లాటు పూర్తయ్యాక మొత్తం ఫైలు ముద్ర ఒకటి ఎక్కిస్తే చాలు. ముద్ర అంటే ఏమిటో ఐదో అడుగులో చెప్తాను.

ఇక మోసాన్ని పట్టుకోవడానికి అన్నిటికంటే బాగా పనిచేసేది లెక్క సరిచూడటం. ఒక లాటులో 10 టన్నుల కాయ దిగిందనుకుందాం. ఆ ఫ్యాక్టరీ సగటు గుజ్జు దిగుబడి 50 శాతం అనుకుంటే 5 టన్నులు, అంటే 215 కిలోల డ్రమ్ములు 23 రావాలి. రికార్డులో 30 కనిపిస్తే మిగతా ఏడు డ్రమ్ముల కాయ ఎక్కడి నుంచి వచ్చింది? అదే లెక్క మీ యూనిట్‌లోనూ చేయండి. మీ రెసిపీలో గుజ్జు 12 శాతం అయితే ఒక డ్రమ్ముతో సుమారు 1,790 కిలోల పానీయం, అంటే 200 మిల్లీలీటర్ల సీసాలు దాదాపు 8,500 అవుతాయి. 10,200 సీసాలు బయటికి వెళ్లినట్టు కనిపిస్తే గుజ్జు దాదాపు 10 శాతానికి దిగిపోయిందన్నమాట. రెడీ టు సర్వ్ పండ్ల పానీయంలో పండు భాగం కనీసం 10 శాతం ఉండాలని నిబంధన, కాబట్టి అది గీత అంచున నిలబడటమే. మీ ఫ్యాక్టరీ అసలు సగటులు తీసుకుని, అటూ ఇటూ ఎంత తేడా ఒప్పుకోవచ్చో తేల్చి రాసుకోండి. నాణ్యత కొలతల్లో కూడా ఇదే సూత్రం. డ్రమ్ము బయలుదేరేటప్పుడు ఫ్యాక్టరీ బ్రిక్స్ (తీపి), పీహెచ్ (పులుపు) కొలుస్తుంది. హైదరాబాద్‌లో దిగాక మీ ల్యాబ్ మళ్లీ కొలుస్తుంది. రెండు అంకెలూ పక్కపక్కన ఉండాలి. ఒకరిది చూసి మరొకరు రాయకుండా, మీ రీడింగు నమోదయ్యే దాకా వాళ్లది మీ తెర మీద కనిపించనివ్వకండి.

తోటల్లో సిగ్నల్ ఉండదు, కాబట్టి యాప్ నెట్ లేకుండా పనిచేసి తర్వాత పంపాలి. అందుకని ప్రతి ఎంట్రీకి రెండు టైములు ఉండాలి: పని జరిగిన టైమ్, సర్వర్‌కు చేరిన టైమ్. రెండింటి మధ్య తేడా రోజులకు రోజులు ఉంటే, సాయంత్రం కూర్చుని ఒకేసారి నింపేస్తున్నారని అర్థం. తప్పు పడితే చెరపడం కుదరదు. పాత ఎంట్రీ నంబర్ చెప్తూ దిద్దుబాటు ఎంట్రీ రాయాలి, కారణం రాయాలి. ఇది సిబ్బందికి ముందే నేర్పండి. లేకపోతే తప్పు పడిందన్న టెన్షన్‌లో తప్పుల్ని దాచడం అలవాటవుతుంది.

నాలుగో అడుగు: నెట్‌వర్క్ ఎంచుకోండి, ఒప్పందం ముందు రాసుకోండి

క్రిప్టో నాణేలతో మనకు పనిలేదు. అనుమతి ఉన్నవాళ్లే చేరే నెట్‌వర్క్ కావాలి. లైనక్స్ ఫౌండేషన్ కింద నడిచే హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ దీనికి ఎక్కువగా వాడే సాఫ్ట్‌వేర్, ఉచితంగా దొరుకుతుంది. అందులో ప్రతి సంస్థకూ తన సొంత పీర్ ఉంటుంది, అంటే లెడ్జర్ (అందరి ఉమ్మడి రికార్డు పుస్తకం) ప్రతిని దాచుకునే సర్వర్. లావాదేవీల వరుసను తేల్చే ఆర్డరర్లు వేరే ఉంటాయి. ఇవి మూడు పెడితే ఒకటి ఆగినా నడుస్తుంది, ఐదు పెడితే రెండు ఆగినా నడుస్తుంది. కొంతమందికే కనిపించాల్సిన వివరాలకు ప్రైవేట్ డేటా అనే ఏర్పాటు ఉంది.

మన ఊళ్లోనే అడగదగ్గ చోట్లు ఉన్నాయి. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2024 సెప్టెంబర్‌లో విశ్వస్య అనే బ్లాక్‌చైన్ స్టాక్‌ను (కలిసి పనిచేసే సాఫ్ట్‌వేర్ల కట్టను) విడుదల చేసింది. అది నడిచే ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలు నడిపే సంస్థ) డేటా సెంటర్లు భువనేశ్వర్, పుణె, హైదరాబాద్‌లలో ఉన్నాయి. దానితోపాటే స్టార్టప్‌లు, కాలేజీలు ప్రయోగాలు చేసుకోవడానికి ఎన్‌బీఎఫ్ లైట్ అనే తేలికపాటి వేదికను కూడా తెచ్చారు. విశ్వస్యను రూపొందించిన సంస్థల్లో ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ ఒకటి, దాని హైదరాబాద్ కేంద్రం బ్లాక్‌చైన్ మీద ఏళ్లుగా పనిచేస్తోంది. పెద్ద విక్రేత దగ్గరికి వెళ్లే ముందు వీళ్లతో మాట్లాడితే ధరల గురించి, సామర్థ్యం గురించి స్పష్టత వస్తుంది.

పీర్లన్నీ మీ సర్వర్ గదిలోనే పెట్టుకుంటే ఇదంతా వృథా. అన్ని ప్రతులూ మీ చేతిలోనే ఉన్నప్పుడు మీరు మార్చలేదని ఎవరు నమ్ముతారు? గుజ్జు ఫ్యాక్టరీకి ఒకటి, మీకు ఒకటి, రైతు ఉత్పత్తిదారుల సంఘానికో ల్యాబ్‌కో ఒకటి, పెద్ద డిస్ట్రిబ్యూటర్‌కు ఒకటి ఉండాలి. సొంతంగా నడిపే శక్తి లేనివాళ్లకు క్లౌడ్‌లో వాళ్ల పేరు మీద ఖాతా తెరిచి, తాళాలు వాళ్ల చేతికే ఇవ్వండి.

కోడ్ రాయడానికి ముందు ఒప్పందం రాయండి. ఓడల కంపెనీ మెర్స్క్, ఐబీఎం కలిసి 2018లో ఓడల సరుకు కోసం ట్రేడ్‌లెన్స్ అనే వేదిక తెచ్చాయి. సాంకేతికంగా అది పనిచేసింది. అయినా పరిశ్రమ అంతా కలిసి రాలేదని చెప్తూ 2022 నవంబర్‌లో మూసివేత ప్రకటించారు. ఒక పెద్ద కంపెనీ నడిపే పుస్తకంలో మిగతావాళ్లు మనస్ఫూర్తిగా రాయరు. మీ ఒప్పందంలో కనీసం ఇవి ఉండాలి: కొత్తవాళ్లను ఎవరు చేర్చుకుంటారు, ఖర్చు ఎలా పంచుకుంటారు, ఎవరికి ఏది కనిపిస్తుంది, ఒకరు బయటికి వెళ్లిపోతే వాళ్ల రికార్డు ఏమవుతుంది, రెండు రీడింగుల మధ్య తేడా వస్తే మూడో ల్యాబ్ ఏది. చివరి రెండూ వదిలేసేవాళ్లే ఎక్కువ. ఆ రెండే తర్వాత గొడవలయ్యేవి.

ఐదో అడుగు: చైన్ మీద ఏది, బయట ఏది

ల్యాబ్ రిపోర్టు పీడీఎఫ్, ఫొటోలు, సెన్సర్ ఫైళ్లు మామూలు స్టోరేజ్‌లో ఉంచండి. వాటి ముద్రను, అంటే హ్యాష్‌ను మాత్రం చైన్ మీద రాయండి. షా-256 అనే పద్ధతిలో ఎంత పెద్ద ఫైలైనా 64 అక్షరాల ముద్రగా మారుతుంది. రిపోర్టులో ఒక్క చుక్క మార్చినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. రేపు ఎవరైనా రిపోర్టు చూపిస్తే ముద్ర మళ్లీ తీసి పోల్చుకుంటే సరి.

రైతు పేరు, ఫోన్ నంబర్, ఆధార్, బ్యాంకు ఖాతా చైన్ మీదకు ఎక్కించకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తన వివరాలు తొలగించమని అడిగే హక్కు మనిషికి ఇచ్చింది. చైన్ మీద తొలగించడం కుదరదు. "హ్యాష్ చేసి పెడతాం కదా" అని డెవలపర్ చెప్తే ఒప్పుకోకండి. ఫోన్ నంబర్ పది అంకెలే. అన్ని నంబర్లకూ హ్యాష్ తీసి పోల్చడం కంప్యూటర్‌కు పెద్ద పని కాదు, కాబట్టి ఆ ముద్ర వెనక ఉన్న నంబర్ సులభంగా బయటపడుతుంది. రైతుకు యాదృచ్ఛికమైన కోడ్ ఒకటి ఇచ్చి, ఆ కోడ్ ఎవరిదో చెప్పే పట్టికను బయట, తాళం వేసిన డేటాబేస్‌లో ఉంచండి. తొలగించమని అడిగినప్పుడు ఆ పట్టికలోని వరుస తీసేస్తే, చైన్ మీది కోడ్‌ను ఆ మనిషితో కలిపే దారి పోతుంది.

కొనుగోలు రేట్లు, డిస్కౌంట్లు ప్రైవేట్ డేటాలో మాత్రమే. పోటీదారుకు రేటు కనిపిస్తుందన్న అనుమానం ఒక్కటి చాలు, ఫ్యాక్టరీ చేరదు.

ఆరో అడుగు: నియమాలు కోడ్‌లో పెట్టండి

ఫ్యాబ్రిక్‌లో నియమాల ప్రోగ్రామును చైన్‌కోడ్ అంటారు. గో, జావా, జావాస్క్రిప్ట్ భాషల్లో రాయొచ్చు. మొదటి విడతకు ఐదు పనులు చాలు: లాటు సృష్టించడం, చేతులు మార్చడం, రూపం మార్చడం, పరీక్ష ఫలితం జత చేయడం, ఆపేయడం. ఆపేయడం అంటే అనుమానం వచ్చిన లాటును బ్లాక్ చేయడం. దాని నుంచి పుట్టిన బ్యాచ్‌లన్నీ ఆటోమేటిక్‌గా ఆగిపోవాలి. రీకాల్ రోజున పనికొచ్చేది ఈ ఒక్క ఫంక్షనే, దీన్ని అన్నిటికంటే ఎక్కువగా పరీక్షించండి.

ఎవరి సంతకాలు కావాలో కూడా ఇక్కడే తేల్చాలి. డ్రమ్ము చేతులు మారాలంటే ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు ఇద్దరి పీర్లూ ఆమోదించాలి. మూడో అడుగులో చెప్పిన లెక్క కూడా కోడ్‌లోకి రావాలి. వచ్చిన గుజ్జు, వాడిన కాయతో ఒప్పుకున్న హద్దులో లేకపోతే ఎంట్రీని తిరస్కరించకండి, తేడా ఉందన్న గుర్తు పెట్టి నమోదు చేయించండి. తిరస్కరిస్తే గుమాస్తా అంకెను హద్దులోకి వచ్చేలా సర్దుతాడు, మీకు నిజం ఎప్పటికీ తెలియదు.

ఏడో అడుగు: సీసా మీద క్యూఆర్

బ్యాచ్ మొత్తానికి ఒకే క్యూఆర్ వేయడం చవక. రీకాల్‌కు, వినియోగదారుడి సమాచారానికి అది సరిపోతుంది. నకిలీ సీసాలను పట్టుకోవడానికి సరిపోదు. క్యూఆర్‌ను ఎవరైనా ఫొటో తీసి వెయ్యి లేబుళ్లు అచ్చు వేసుకోవచ్చు, చైన్‌కు ఆ తేడా తెలియదు. నకిలీలే మీ సమస్య అయితే సీసాసీసాకూ వేరే నంబర్, మూత లోపల దాచిన కోడ్, మొదటిసారి స్కాన్ ఎప్పుడు ఎక్కడ జరిగిందో చూపించే పేజీ కావాలి. దానికి లైను వేగంతో సమానంగా అచ్చువేసే ప్రింటర్, ప్రతి కోడ్‌నూ చదివి చూసే కెమెరా అవసరం. మొదటి సీజన్‌లో బ్యాచ్ క్యూఆర్‌తోనే మొదలుపెట్టండి.

వేడిగా నింపి చల్లార్చిన సీసా మీద తడి ఉంటుంది. ఆరకముందే కోడ్ కొడితే చెదిరిపోతుంది, కాబట్టి ఎయిర్ నైఫ్ (గాలి ఊది తడి ఆర్చే యంత్రం) తర్వాతే ప్రింటర్ పెట్టండి. క్యూఆర్‌లో తప్పు సవరణ నాలుగు స్థాయిల్లో ఉంటుంది. 15 శాతం చెదిరినా చదవగలిగే స్థాయి కనీసం వాడండి, ఫ్రిజ్‌లో నానే సీసాలకు 25 శాతం స్థాయి మేలు.

స్కాన్ చేస్తే వచ్చే పేజీ ఒక్క ఫోన్ తెరలో అయిపోవాలి. గుజ్జు ఏ జిల్లాది, ఏ నెలది, ఎక్కడ ప్రాసెస్ అయింది, పరీక్ష ఫలితం, ఈ బ్యాచ్ మీద రీకాల్ ఉందా లేదా. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలోనూ ఇవ్వండి. హైదరాబాద్‌లో అమ్మే సరుకుకు ఇది కనీస మర్యాద.

ఎనిమిదో అడుగు: క్యాలెండర్ ప్రకారం నడపండి

కాయ ఫ్యాక్టరీలకు వచ్చే కాలం వేసవి చివర, వానల మొదట్లో కొద్ది వారాలే. ఆ వారాల్లో రాసిందే ఏడాది పొడవునా డ్రమ్ముల వెంట వస్తుంది. సీజన్ తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. అందుకని దీపావళి తర్వాత ఒప్పందం, సంక్రాంతి తర్వాత యాప్, చైన్‌కోడ్. ఉగాదికల్లా కాటా, సెన్సర్లు బిగించి ఉండాలి. తర్వాత శిక్షణ. ఒక ఫ్యాక్టరీ, ఒక ఉత్పత్తి, ఒక డిస్ట్రిబ్యూటర్‌తో మాత్రమే మొదలుపెట్టండి.

శిక్షణ అంటే ఏసీ గదిలో స్లైడ్లు చూపించడం అనుకోవద్దు. కాటా దగ్గర, రాత్రి షిఫ్టులో, ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు, గుమాస్తా పక్కన నిలబడి చూడండి. ఒక ఎంట్రీకి అర నిమిషం మించి పడితే ఆయన దాన్ని దాటేసే దారి వెతుక్కుంటాడు, అందులో ఆయన తప్పేమీ లేదు. స్క్రీన్ మార్చాల్సింది మీరు. మొదటి సీజన్‌లో పాత రిజిస్టర్ కూడా సమాంతరంగా నడపండి, వారానికోసారి రెండూ పోల్చండి.

ఖర్చు లెక్కలో జీఎస్1 చందా, సర్వర్లు, ప్రింటర్, స్కానర్లు, సెన్సర్లు, ఎస్సెమ్మెస్‌లు అందరూ వేసుకుంటారు. ఫ్యాక్టరీ దగ్గర సీజనంతా ఉండే ఒక మనిషి జీతం మర్చిపోతారు. నన్నడిగితే మిగతావాటిలో కోత పెట్టయినా ఆ మనిషిని పెట్టండి.

తొమ్మిదో అడుగు: మళ్లీ కిరాణా కొట్టుకు

సీజన్ డ్రమ్ములతో చేసిన సీసాలు మార్కెట్లోకి వెళ్లాక, ఎవరికీ చెప్పకుండా మొదటిసారి చేసిన పరీక్షే మళ్లీ చేయండి. వెనక్కి ఎంతసేపు పట్టింది, ముందుకు ఎంతసేపు పట్టింది, తయారైన సీసాల్లో ఎన్ని ఎక్కడ ఉన్నాయో లెక్క తేలిందా అన్నవి చూడండి. వెనక్కి వెతకడం సెకన్లలో అవుతుంది. ముందుకు వెతకడం మాత్రం డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆగుతుంది, ఎందుకంటే వ్యాన్ మీద సరుకు వేసుకుని కొట్టుకొట్టుకూ దింపేవాళ్లు బ్యాచ్ నంబర్ బిల్లులో రాయరు. బిల్లింగ్ యాప్‌లో కేసు స్కాన్ చేస్తే తప్ప బిల్లు రాకుండా చేయడం దీనికి నాకు తెలిసిన గట్టి మందు. రెండో సీజన్ పని ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

అది కుదిరాకే మిగతా పదార్థాల వైపు వెళ్లండి. చక్కెర లాటు, సీసాల ప్రీఫారాలు (ఊది సీసాగా మార్చే ప్లాస్టిక్ గొట్టాలు), మూతలు, నీటి పరీక్షలు ఒక్కొక్కటిగా చేర్చండి. వీటిలో ముందు మూతలు తీసుకోమంటాను. లీకయ్యే సీల్ వల్ల చెడిపోయిన సీసా ఫిర్యాదు వచ్చినప్పుడు, ఏ సరఫరాదారు ఏ లాటు మూత అన్నది ఈ రోజుకీ చాలా యూనిట్లలో ఎవరూ చెప్పలేరు.